బెట్టలో పైరుకు ఏది ఆసరా: యూరియానా, సూక్ష్మనాచు ఎరువా?

వాన మొహం చాటేసి పైరు పాలిపోతే చెయ్యి ముందు యూరియా బస్తా మీదికే పోతుంది. అందులో 46 శాతం నత్రజని ఉంది, నిజమే. కానీ అది వేళ్లకు అందాలంటే నేలలో తడి ఉండాలి. అరకొర తడిలో పైపైన చల్లితే కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది.

క్లోరెల్లా, స్పైరులినా లాంటి సూక్ష్మనాచుతో చేసిన ఎరువు దారి వేరు. ఎండబెట్టిన నాచులో నత్రజని మహా అయితే 10 శాతం దగ్గర ఆగుతుంది. పోషకాల లెక్కలో యూరియాకు సాటిరాదు. దాని బలమంతా మరోచోట ఉంది. అందులోని ఆక్సిన్, సైటోకైనిన్ లాంటి హార్మోన్లు వేళ్లు, చిగుళ్లు ఎదగడానికి తోడ్పడతాయి. అమైనో ఆమ్లాలు మొక్క బెట్టను ఓర్చుకోవడానికి సాయపడతాయి. కొన్ని నాచులు వదిలే జిగురు మట్టి రేణువులను కలిపి పట్టి, తడిని ఇంకాస్త సేపు నిలుపుతుంది. నాకు బాగా నచ్చేది ఈ జిగురే.

అలాగని వాడిపోయిన చేనుకు పిచికారీ చేసి లేస్తుందని ఎదురుచూడకండి. విత్తనశుద్ధిలోనో, బెట్ట మొదలవకముందే ఆకుల మీదో వాడాలి. తడి ఉన్నప్పుడు యూరియా తగ్గించి వేసి, దానికి తోడుగా నాచు వాడటమే నాకు సబబనిపిస్తుంది.