మూత ఉన్న దారాల డబ్బా: కొనొచ్చా?

జాకెట్లకు మ్యాచింగ్ దారాలు పోగేసేవాళ్లకి, లోపల పుల్లలున్న ఈ పారదర్శక ప్లాస్టిక్ డబ్బా నిజంగా పనికొస్తుంది. ఒక్కో పుల్లకి ఒక్కో రీలు. మూత తీయకుండానే రంగు దొరుకుతుంది. పెద్ద కోన్లు మాత్రం పట్టవు, వాటికి జిప్ కవరే మేలు.

కొనేముందు మీ రీలు ఎత్తు కొలుచుకోండి. పుల్ల పొట్టిగా ఉంటే డబ్బా నిలబెట్టగానే రీళ్లు జారి, దారాలన్నీ చిక్కుపడతాయి. మూత అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. సందు తగిలిందంటే దుమ్ము ఆగదు. ఆ దుమ్మే దారంతో పాటు కుట్టుమిషన్‌లో దారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్యకి చేరుతుంది. బిళ్లలు దారాన్ని సరిగ్గా పట్టవు, బట్ట అడుగున కుట్టు వదులై ఉచ్చులు పడతాయి. చాలామంది మిషన్ పాడైందనుకుంటారు, పాపం.

దారం కొసని రీలు అంచున ఉన్న గాటులో నొక్కండి. టేపు వద్దు, దాని జిగురు దారానికి అంటి సూది దగ్గర పట్టేస్తుంది. రబ్బరు బ్యాండు ఎండాకాలం కరిగి అతుక్కుంటుంది.

ఒక లోపం: పారదర్శకం కాబట్టి వెలుతురు పడుతుంది, కిటికీ దగ్గరుంచితే నూలు దారాల రంగు వెలుస్తుంది. బీరువాలో పెట్టండి. వానాకాలంలో లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు వేస్తే చెమ్మ చేరదు.