సీటీసీలో రెండు రోజులు, మేనల్లుడి గేమింగ్ పీసీ

ఇది 2025 మే నెల సంగతి. మా అక్క కొడుక్కి ఇంటర్ అయిపోయింది. గేమింగ్ పీసీకి విడిభాగాలు కొనుక్కోమని బావ 80 వేలు వాడి చేతిలో పెట్టి, "మామయ్యను తోడు తీసుకెళ్లు" అన్నాడు. నాకు కంప్యూటరంటే బడిలో మార్కులు ఎక్కించడం వరకే. వాడికి మాత్రం మూడు నెలలుగా అదే లోకం. ఖమ్మంలో కూడా కొనొచ్చు కానీ, నాలుగు షాపులు పక్కపక్కన చూసి బేరమాడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటరే. అందరూ సీటీసీ అంటారు. ఆదివారం అక్కడ చాలా షాపులు తెరవరు కాబట్టి శుక్రవారం శాతవాహన ఎక్కాం.

రైల్లో వాడు నోట్‌బుక్ తీసి నాకు పాఠం మొదలుపెట్టాడు. "ప్రాసెసర్ తేలితే బోర్డు తేలుద్ది, బోర్డు తేలితే ర్యామ్ తేలుద్ది మామయ్యా." ప్రాసెసర్ అంటే కంప్యూటర్ మెదడు, బోర్డు అంటే అన్నిటినీ కలిపే పలక, ర్యామ్ అంటే పని నడిచేటప్పటి జ్ఞాపకం. వాడు అనుకున్న ప్రాసెసర్ రైజెన్ 5 7600. దాన్ని కూర్చోబెట్టడానికి ఏఎం5 అనే సాకెట్ ఉన్న బోర్డే కావాలి, ఆ బోర్డుకి డీడీఆర్5 రకం ర్యామే పడుతుంది. గేముల్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060. మన సంబంధాలు చూసే పద్ధతే ఇదీ, ఒక్కటి మారిస్తే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

స్టేషన్ దగ్గర రెజిమెంటల్ బజార్ వైపు ఒక లాడ్జిలో దిగాం. నాన్ ఏసీ, రోజుకి 1,100. మంచాలు శుభ్రంగానే ఉన్నాయి గానీ, మే నెలలో ఆ గది కుంపటి. ఉన్న ఒక్క ప్లగ్గూ మంచం వెనకాల. రాత్రంతా స్టేషన్ మైకులో ఆలస్యపు రైళ్ల జాబితా వింటూ పడుకున్నాం. మరో 500 పడేసి ఏసీ గది తీసుకోవాల్సింది. అక్కడి నుంచి సీటీసీకి ఆటోవాడు 150 అడిగాడు. అవసరం లేదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ తర్వాత ప్యారడైజే. దిగి కాస్త నడిస్తే చాలు.

సీటీసీ లోపల ఇరుకు వరండాలు, ఎటు చూసినా అట్టపెట్టెలు. అడుగు పెట్టకముందే "ల్యాప్‌టాపా సార్, సర్వీసా?" అని పిలుపులు. నేరుగా పైకి వెళ్లిపోవడమే మంచిది.

మొదటి షాపు ధగధగలాడిపోతోంది. కుర్రాడు ఐదు నిమిషాల్లో 76,500కి కొటేషన్ చేతిలో పెట్టాడు. రైజెన్ స్టాక్ లేదట, "అదే రేంజ్ సార్" అని ఇంటెల్ ఐ5 రాశాడు. మావాడు వేలు పెట్టి ఒక్కో వరస చదువుతూ బోర్డు దగ్గర ఆగిపోయాడు. పేరు చివర డీ4 అని ఉంది, అంటే పాత రకం డీడీఆర్4 ర్యామ్‌కి చేసింది. కింది వరసలో ర్యామ్ డీడీఆర్5. ఆ తరం ఇంటెల్ బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి, పేరు చివర ఆ రెండక్షరాలే తేడా. రెండు ర్యాముల పొడవూ ఒకటే, పిన్నులూ 288 చొప్పునే. కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, ఎంత నొక్కినా దిగదు. "టైపింగ్ మిస్టేక్ సార్" అన్నాడు కుర్రాడు. కావచ్చు. మేం ఖమ్మం వెళ్లి పెట్టె విప్పాక తేలి ఉంటే మాత్రం మళ్లీ రైలు టికెట్లు మావే. పైగా బిల్లు లేకుండా అయితే 2 వేలు తగ్గిస్తానన్నాడు. రేపు వారంటీకి ఏం చూపించాలి?

రెండో షాపులో ధర అందరికంటే తక్కువ. ప్రాసెసర్ పెట్టె లేకుండా ట్రే ముక్క, దానితో ఫ్యాన్ రాదు. 600 వాట్లని రాసి ఉన్న పవర్ సప్లై చేతిలోకి తీసుకుంటే టిఫిన్ డబ్బా అంత బరువు కూడా లేదు. వచ్చేశాం.

శనివారం పొద్దున దొరికింది మూడోది. రెండో అంతస్తులో చిన్న గది, కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన. ధర చెప్పకుండా, "క్యాబినెట్ ఏది అనుకున్నావు బాబూ?" అని అడిగాడు. క్యాబినెట్ అంటే ఇవన్నీ లోపల బిగించే డబ్బా. మావాడి మనసు పడ్డది ముందు వైపు మూడు ఫ్యాన్లున్న క్యాబినెట్ మీద, మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు మీద. పెద్దాయన క్యాబినెట్ అద్దం తలుపు తీసి, సొరుగులోంచి టైలర్ టేపు తీశాడు. పెట్టె మీద 32 సెంటీమీటర్ల కార్డు పడుతుందని ఉంది. ముందు ఫ్యాన్ల మందం రెండున్నర సెంటీమీటర్లు పోతే మిగిలింది 29.5. కార్డు 30 దాటింది. "ఇది తినేదే 115 వాట్లు, దీనికి మూడు ఫ్యాన్లెందుకు? చిప్పు అదే" అని రెండు ఫ్యాన్లది చూపించాడు, 24 సెంటీమీటర్లే. వాడి మొహం కాస్త వాడిపోయింది గానీ ఒప్పుకున్నాడు.

పవర్ సప్లై వీడు 750 వాట్లది అడిగితే ఆయన 650 ఇచ్చాడు. ఈ కార్డున్న మొత్తం పీసీకి కంపెనీ చెప్పేదే 550 వాట్లు. తక్కువ సరుకు అంటగట్టే షాపులు చూశాను గానీ, ఎక్కువది వద్దనే షాపు ఇదే చూడటం. బీ650 బోర్డు ఇస్తూ, "ఎప్పుడైనా 9000 సిరీస్ ప్రాసెసర్ వేస్తే, పాతది తీయకముందే బయోస్ అప్‌డేట్ చెయ్యి" అని చెప్పాడు. బయోస్ అంటే బోర్డులోనే ఉండే చిన్న సాఫ్ట్‌వేర్. వాడు అది కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

మొత్తం బిల్లుతో సహా 79,400. 32 జీబీ ర్యామ్ 9 వేల లోపే వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశాక బావకి ఆ బిల్లు రెండుసార్లు చూపించాను. ప్రతి పెట్టె మీదున్న సీరియల్ నంబరూ బిల్లులో రాయించుకున్నాం. బిగించి ఇవ్వడానికి వెయ్యి అడిగాడు, మావాడు తానే బిగిస్తానన్నాడు. తిరుగు రైల్లో క్యాబినెట్ పెట్టె సీటు కింద పట్టలేదు, వరంగల్ దాకా వాడు తలుపు దగ్గర దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పని. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి. వాటి మీద దుమ్ము పడకూడదని గదిలో ఫ్యాను కూడా ఆపించాడు, చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ర్యామ్ ముక్కలు రెండు, ఒకటి రెండో స్లాటులో, ఒకటి నాలుగో స్లాటులో. ప్రాసెసర్ ఫ్యాన్ బిగించాలంటే బోర్డు మీది ప్లాస్టిక్ క్లిప్పులు విప్పాలి. విప్పాలా వద్దా అని అరగంట తర్జనభర్జన. సాయంత్రం స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా. వంటింట్లోంచి అక్క వచ్చి "కాలిపోయిందా?" అంది. కొత్త ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకోవడానికి మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుందని వాడికి తెలుసు, నాకు తెలియదు. ఆ టెన్షన్ నాదే.

తెర వెలిగింది, విండోస్ ఎక్కింది, రాత్రికి గేమ్ కూడా ఎక్కింది. ఎక్కింది గానీ బొమ్మలు ఒక్కొక్కటే కదులుతున్నాయి, పాతకాలం స్లైడ్ షో లాగా. కార్డు పాడైందనుకుని, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మొహమాటపడుతూనే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఎత్తాడు.

"మానిటర్ వైరు ఎక్కడ గుచ్చారు సార్?"

వెనక్కి వంగి చూశాను. పైన, బోర్డుకే గుచ్చి ఉంది. 7600 ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉండబట్టి బొమ్మ వచ్చింది, 4060 ఖాళీగా కూర్చుంది. వైరు పీకి, జానెడు కిందికి, కార్డుకి గుచ్చాను. మేనల్లుడు నా వైపు చూడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు.