డీప్ క్లీనింగ్: కోత లేకుండా చిగుళ్ల జబ్బు ఎంతవరకు తగ్గుతుంది?

4–5 మిల్లీమీటర్ల లోతున్న పాకెట్లకు (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడే గుంతలకు) ఈ చికిత్స భేషుగ్గా పనిచేస్తుంది. 6 దాటితే, ముఖ్యంగా దవడ పళ్ల వేర్లు చీలే చోట, ఎంత గీకినా కొంత గార మిగిలిపోతుంది.

ముందు ప్రోబ్‌తో (గీతలున్న సన్నని కొలత పుల్లతో) ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు కొలవాలి. కొలవకుండా మెషిన్ పెట్టారంటే అది పైపై క్లీనింగే. తర్వాత మత్తిచ్చి, అల్ట్రాసోనిక్ మెషిన్‌తో గార రాలగొట్టి, క్యూరెట్ అనే చేతి పనిముట్టుతో వేరు నున్నగా తగిలేదాకా గీకుతారు.

వాపు తగ్గాక పళ్ల సందులు బయటపడతాయి, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. పళ్లు అరగదీశారని డాక్టర్ని తిట్టుకోకండి. ఇన్నాళ్లూ ఆ సందుల్ని పూడ్చింది గార, వాపే.

చికిత్స తర్వాత పుక్కిలించే మందు, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్, రెండు వారాలు చాలు, మించితే గోధుమరంగు మరకలు పడతాయి. పేస్టుతో తోమిన అరగంటకు పుక్కిలించాలి, లేదంటే పేస్టులో నురగ తెప్పించే పదార్థం ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది.