బొమ్మ ఒక కాలానిది, చట్రం మరో కాలానిది

లండన్‌లో పాత నగలు అమ్మే ఒక దుకాణంలో కొన్న విక్టోరియా కాలపు బ్రోచ్‌ను (దుస్తులకు సూదితో గుచ్చుకునే నగను) ఆరు నెలలు వాడి చూశాక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పలుచటి ఏనుగుదంతపు రేకు మీద నీటి రంగులతో వేసిన యువతి ముఖం, దాని చుట్టూ బంగారు చట్రం, వెనుక గాజు కింద జడలా అల్లిన వెంట్రుకలు.

దుకాణం చీటీ మీద '1840ల నాటిది, 18 క్యారెట్లు' అని ఉంది. భూతద్దం పెట్టి చూస్తే చట్రం వెనుక '15', పక్కనే '.625' (అంటే వెయ్యి పాళ్లలో 625 పాళ్లు బంగారం) అన్న ముద్రలు కనిపించాయి. ఇంగ్లండులో 15 క్యారెట్ల బంగారానికి హాల్‌మార్క్ వేయడం మొదలైంది 1854లో. 18 క్యారెట్లయితే ఉండవలసిన కిరీటం గుర్తు ఇందులో లేనే లేదు. అయితే నడి పాపిట తీసి, చెవులను కప్పేలా నున్నగా దువ్విన ఆ జుట్టు మాత్రం అచ్చంగా 1840ల తీరే. అంటే ఎవరో పాత బొమ్మను దాచుకొని, తరువాత కొత్త చట్రంలో పొదిగించుకున్నారన్నమాట. ఉత్తరం రాస్తే దుకాణం వారు చీటీ దిద్ది ఇచ్చారు గాని, ధర మాట ఎత్తలేదు.

చిత్రకారుడు 1837లో విక్టోరియా రాణి కొలువులో చేరిన విలియం రాస్ స్థాయివాడు కాడు. నుదుటి మీద రంగు పలచగా ఉంచి, దంతపు తెలుపునే చర్మకాంతిగా వాడుకొని, బుగ్గలను సన్నని చుక్కలతో తీర్చినవాడు, చేతుల దగ్గరకు వచ్చేసరికి ఓపిక కోల్పోయాడు. స్వర్ణకారుడే గట్టివాడు. అంచు చుట్టూ తీగచుట్టు ఎక్కడా తెగలేదు, అతుకు కనబడదు. అతని పొడి అక్షరాల ముద్ర మాత్రం అరిగిపోయింది.

బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలైన దంతపు చట్టం ప్రకారం, 1918కి ముందు తయారై, 320 చదరపు సెంటీమీటర్లకు మించని ఇలాంటి చిత్రాలను నమోదు చేయించాకే అమ్మాలి. ఆ పత్రం అడగకుండానే ఇచ్చినందుకు దుకాణాన్ని మెచ్చుకోవాలి.

తడి తగిలితే రంగు కరిగిపోతుంది కనుక వానలో దీన్ని పెట్టుకోను. సూది చట్రం దాటి బయటికి పొడుచుకు వచ్చి ఉంది, కొక్కేనికి అడ్డు లేదు. ఒకసారి కోటు నుంచి జారి ఒళ్లో పడ్డాక, సన్న గొలుసు ఒకటి కట్టించాను.