విక్టరీ ఓడ మోడల్ కిట్ కొనేవాళ్ళు డబ్బు వేసే ముందు ప్లాన్ కొలత అడగండి

మన గోదావరి జిల్లాల్లో చెక్క ఓడల మోడల్స్ కట్టేవాళ్ళం కొద్దిమందే ఉన్నాం. ఆ కొద్దిమందినీ వెతుక్కుంటూ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు మెసేజ్‌లు పెడుతున్నాడు, కాబట్టి ఇది చదివాకే ఎవరైనా డబ్బు పంపండి. హెచ్.ఎం.ఎస్. విక్టరీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌక, 1:100 స్కేలు (అసలు ఓడలో నూరో వంతు), ఒరిజినల్ కిట్, పద్దెనిమిది వేలు అన్నాడు. మొత్తం ముందే యూపీఐలో వేయమన్నాడు. ప్లాన్, అంటే ఓడ గీత కాగితం, మోడల్ పూర్తి సైజులో ఉంటుందా అని గుచ్చి గుచ్చి అడిగితే "కళ్ళకద్దుకుంటారండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

వచ్చింది పచ్చి నకిలీ.

ముందు ప్లాన్ సంగతి చెప్తాను, అసలు మోసం అక్కడే ఉంది. విక్టరీని 1765లో ఇంగ్లండ్‌లోని ఛాతంలో నీళ్ళలోకి దించారు, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ అధిపతి నెల్సన్ ఉన్నది దాని మీదే, ఇప్పటికీ అక్కడే పోర్ట్స్‌మౌత్ రేవులో భద్రంగా ఉంది, కాబట్టి దాని కొలతలు అందరికీ తెలిసినవే. గన్ డెక్ (ఫిరంగులుండే కింది అంతస్తు) పొడవు 186 అడుగులు, అంటే సుమారు 56.7 మీటర్లు. 1:100 లెక్కన కాగితం మీద 56.7 సెంటీమీటర్లు రావాలి. నాకు వచ్చిన ప్లాన్ మీద స్కేలుబద్ద పెడితే 53 కూడా రాలేదు. ఎవరిదో ప్లాన్‌ని జిరాక్స్ తీస్తూ, కాగితంలో పట్టడం కోసం కుదించేశారు. ప్లైవుడ్ ముక్కలు మాత్రం వేరే సైజులో కోశారు. దాంతో ఏమవుతుందంటే, ఫిరంగుల కిటికీల వరసని ప్లాన్ నుంచి చెక్క మీదికి ఎక్కిస్తుంటే ముందువైపు నాలుగైదు బాగానే కుదురుతాయి, వెనక్కి పోయేకొద్దీ తప్పుకుంటూ తప్పుకుంటూ చివరికి ఒక కిటికీ సరిగ్గా ఫ్రేము (ఓడ పక్కటెముక లాంటి చెక్క) మీదే పడుతుంది. అక్కడ కోస్తే ఫ్రేము పోతుంది, కోయకపోతే ఓడ పోతుంది.

ఫిరంగులు ఇంకో దారుణం. ట్రఫాల్గర్ నాటికి ఆ ఓడ మీద 104 ఫిరంగులు. కింది డెక్‌లో 32 పౌండ్ల గుండ్లవి, మధ్య డెక్‌లో 24 పౌండ్లవి, పై డెక్‌లో 12 పౌండ్లవి. అంటే కిందికి పోయేకొద్దీ గొట్టం లావుగా ఉండాలి, ఆ ఓడ అందమే అది. ఇతను పంపిన సంచిలో అన్నీ ఒకే సైజువి, అచ్చు పోసిన అతుకు కూడా గీకలేదు. 1780లో ఆ ఓడ అడుగుభాగానికి రాగి రేకులు కొట్టారు, దానికి బదులు ఇందులో రాగి రంగు స్టిక్కర్. చెక్క బద్దల్ని వేడినీళ్ళలో నానబెట్టి ముక్కు దగ్గర వంచబోతే అప్పడంలా విరిగిపోయాయి, చూస్తే చెక్క గీతలు బద్ద పొడవునా పోకుండా ఏటవాలుగా పోయి ఉన్నాయి.

నిలదీస్తే ఏమన్నాడో తెలుసా, "మీ కోనసీమ తేమకి చెక్క ఉబ్బిందండి, మేమేం చేస్తాం" అని. పెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీశాను. నడి మే నెల ఎండల్లో, గాజు పలక మీద పెట్టిన కీల్ (ఓడ వెన్నెముక లాంటి అడుగు చెక్క) అప్పటికే మెలి తిరిగి ఉంది. తేమ వల్ల కొలతలు తప్పవు, ఫిరంగులన్నీ ఒకే సైజుకి రావు. తాళ్ళరేవులో ఇదే గాలిలో, నీళ్ళ పక్కనే చెక్క పడవలు కడతారు. మన గాలి మీద నింద వేసి తప్పించుకోవడం నాకు డబ్బు పోయిన దానికంటే ఎక్కువ కోపం తెప్పించింది. వీడియో పంపాక నా నంబర్ బ్లాక్ చేశాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు తీసుకుని అసలు ఏమీ పంపకుండా మాయమైతే మాత్రం వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయండి.

ఎవరి దగ్గర కొన్నా సరే, ప్లాన్ పూర్తిగా విప్పి గన్ డెక్ మీద స్కేలుబద్ద పెట్టిన ఫోటో అడగండి. మూడు సైజుల ఫిరంగులు పక్కపక్కన పెట్టిన ఫోటో కూడా. "రేపు పంపుతా" అన్నాడంటే ఆ బేరం వదిలేయండి.

ఇప్పుడు ఇతనే పేరు మార్చి ట్రింకోమలీ కిట్ అని కొత్త ప్రకటన పెట్టాడు, ఫోటోలో కింద పరిచిన దుప్పటి కూడా అదే. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ఓడ కాబట్టి మనవాళ్ళకి మోజు ఉంటుంది, నాకూ ఉంది. దాని గన్ డెక్ 150 అడుగుల పైచిలుకు, 1:100లో దాదాపు 46 సెంటీమీటర్లు రావాలి. అదే అడగండి.