పలక పుట్టిన కొండ, పలక మోసిన చిన్న రైలు

మా నాన్న టెక్కలి దగ్గర పల్లెలో ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశారు. 2023 ఆగస్టులో అమ్మా నాన్నా మాంచెస్టర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు లండన్ తీసుకెళ్తానంటే, "అవన్నీ టీవీలో చూసినవే గదమ్మా" అనేశారు నాన్న. వేల్స్‌లో పలకరాయి గనులున్నాయి, ఆ రాయిని రేవుకు చేర్చడానికి వేసిన చిన్న రైళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే "ఎప్పుడు బయల్దేరుదాం?" అని అడిగారు.

ఆయనకి చిన్న రైలు అంటే ప్రాణం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర అడుగుల నేరోగేజి మీద చదువుకునే రోజుల్లో తిరిగారు. ఆ లైను బ్రాడ్‌గేజి అయిపోయాక మళ్లీ అలాంటి బండి ఎక్కలేదు. ఇక పలక సంగతి చెప్పక్కర్లేదు. మార్కాపురం పలక మీద ఎన్ని వందల మంది పిల్లల చేత ఓనమాలు దిద్దించారో ఆయనకే లెక్క తెలీదు.

నాలుగు రోజులు వెళ్లాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల మా బాబు, అమ్మ, నాన్న. కారులో మాంచెస్టర్ నుంచి లాన్‌బెరిస్‌కి రెండు గంటల పైన పట్టింది. కారు లేనివాళ్లకి లాన్‌డుడ్నో జంక్షన్ నుంచి, మేం మూడోరోజు చూసిన పలకరాయి ఊరు బ్లైనై ఫెస్టినియోగ్ దాకా మామూలు రైలుంది. చివర్లో రెండు మైళ్లకి పైగా ఉన్న సొరంగం దాటి, ఒక్కసారిగా బూడిదరంగు రాతిగుట్టల మధ్య తేలుతుంది. ఆ ఊరికి చేరడానికి అంతకంటే మంచి దారి లేదు.

ముందుగా లాన్‌బెరిస్. ఊరికి ఎదురుగా, సరస్సు అవతల ఒడ్డున కొండని మెట్లు మెట్లుగా కోసేశారు. అదే డినోర్విక్ గని. మంచి రోజుల్లో మూడువేల మందికి పైగా పనిచేసిన చోటు, 1969లో మూతపడింది. మొదటిసారి చూడగానే నాన్న "ఇదేటమ్మా, పలక్కోసం ఇంత కొండనీ కోసీసారా?" అన్నారు. నిజానికి వేల్స్ రాయిలో ఎక్కువ భాగం వెళ్లింది ఇళ్ల పైకప్పులకి. 1842లో హాంబర్గ్ నగరం తగలబడితే, మళ్లీ కట్టిన ఇళ్ల మీదికి కూడా ఇక్కడి పెంకే వెళ్లింది. బడి పలకలు ఆ వ్యాపారంలో చిన్న ముక్క మాత్రమే.

గని వర్క్‌షాపులనే జాతీయ స్లేట్ మ్యూజియం చేశారు. ప్రవేశం ఉచితం, పార్కింగుకి మాత్రం డబ్బు కట్టాలి. ఈ ప్రయాణంలో ఒక్క చోటే చూడగలిగితే ఏది చూడాలంటే నేను దీన్నే చెబుతాను. కాకపోతే మేం చూసిన తర్వాత, 2024 నవంబరులో, పెద్ద ఎత్తున బాగుచేయడానికి దాన్ని మూశారు. అందుకని బయల్దేరే ముందు తెరిచారో లేదో చూసుకోండి.

మేం ఎక్కువసేపు నిలబడిపోయింది రాయి చీల్చేవాడి దగ్గర. గనిలో పనిచేసిన కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఒక చెక్కదిమ్మ మీద కూర్చుని, మూడు అంగుళాల మందం రాతి పలకని మోకాలికి ఆనించుకున్నాడు. వెడల్పాటి పల్చని ఉలిని అంచు మధ్యలో పెట్టి కొయ్యసుత్తితో రెండుసార్లు తట్టాడు. గట్టిగా కొట్టలేదు, తలుపు తట్టినట్టు తట్టాడంతే. రాతి మీద వెంట్రుకంత గీత పడింది. ఉలిని కొంచెం మెలిపెడితే ఆ గీత అంచు నుంచి అంచుకి పాకింది, రాయి పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోయింది. ఒక్కో సగాన్నీ మళ్లీ మధ్యకి చీల్చాడు. ఎప్పుడూ సగానికి సగమే, పక్క నుంచి పల్చగా తీయబోతే విరిగిపోతుందట. ఆఖరికి అట్టముక్కంత పల్చటి రేకులు మిగిలాయి. ఒకదాన్ని వేలితో మీటి వినిపించాడు. ఖంగుమని మోగితే మంచి పెంకు, మొద్దుగా మోగితే లోపల పగులుంది. మన ఊళ్లో కుండ కొనేటప్పుడు అమ్మ చేసే పరీక్షే అది. అమ్మ ముందుకొచ్చి తనూ ఒకటి మోగించింది.

పెంకుల సైజులకి పేర్లున్నాయి. ఇరవై నాలుగు అంగుళాల పొడవూ పన్నెండు వెడల్పూ ఉంటే డచెస్, ఇరవైకి పది అయితే కౌంటెస్, పదహారుకి ఎనిమిది అయితే లేడీ. అంటే దొరసానుల పేర్లు. వాటిని చీల్చినవాళ్లలో చాలామంది సోమవారం తెల్లవారుజామున సంచిలో వారానికి సరిపడా తిండి పెట్టుకుని కొండెక్కి, శనివారం మధ్యాహ్నం దాకా రాతి బారకాసుల్లో పడుకున్నవాళ్లు.

మ్యూజియంలో తనిగ్రిషై అనే ఊరి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ కట్టిన నాలుగు కార్మికుల ఇళ్లున్నాయి. ఒక్కో ఇల్లూ ఒక్కో కాలానిది. 1901 నాటి ఇంటి కిటికీలో వెల్ష్ భాషలో ఒక కార్డు పెట్టి ఉంది. "ఈ ఇంట్లో ద్రోహి లేడు" అని దాని అర్థం. పక్కనున్న బెథెస్డాలో పెన్రిన్ గని కార్మికులు 1900 నవంబరు నుంచి మూడేళ్లు పనికి దూరంగా ఉండిపోయారు. యజమానికి లొంగి తిరిగి పనిలోకి వెళ్లినవాడి ఇంటి కిటికీ నుంచి ఆ కార్డు మాయమయ్యేది. పిల్లలు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారట. ఆ యజమానుల కుటుంబానికి గనిలో పెట్టుబడి పెట్టే స్తోమత వచ్చింది జమైకాలో బానిసలు పనిచేసిన చెరకుతోటల నుంచి. ఇది తెలిశాక వాళ్లు కట్టించిన పెన్రిన్ కోట చూడబుద్ధి కాలేదు. మా ఆయన మాత్రం బెథెస్డా వెళ్లి, ఆ గని గొయ్యి మీదుగా వేసిన జిప్‌లైన్ ఎక్కి, సంతోషంగా తిరిగొచ్చారు. పక్కనే గనిలో ఇంకా రాయి తీస్తున్నారని చెప్పారు.

గని ఆసుపత్రి సంగతి కూడా చెప్పాలి. రాతిపొడితో ఊపిరితిత్తులు పాడై మనుషులు చనిపోతుంటే, గని డాక్టర్లు పొడి వల్ల ప్రమాదం లేదనీ, కార్మికులు అతిగా మరగబెట్టిన టీ తాగడమే కారణమనీ చెప్పారట. బతికున్నవాళ్లకి నష్టపరిహారం చట్టం వచ్చింది 1979లో. అప్పటికి చాలా గనులే మూతపడ్డాయి. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పొడి పీల్చిన మా నాన్న అది విని చాలాసేపు మాట్లాడలేదు.

మ్యూజియం పక్కనుంచే సరస్సు ఒడ్డున లాన్‌బెరిస్ లేక్ రైల్వే నడుస్తుంది. రానూపోనూ ఐదు మైళ్లు, గంట ప్రయాణం. ఒకప్పుడు ఈ గనిలోనే పనిచేసిన ఎలిడిర్, డోల్‌బాడార్న్ లాంటి బుజ్జి ఆవిరి ఇంజన్లే ఇప్పుడు పెట్టెలు లాగుతున్నాయి. చిన్నపిల్లలతో వెళ్తే ఇది చాలు, విసుగు పుట్టేలోపే ప్రయాణం అయిపోతుంది. అదే ఊరి నుంచి స్నోడన్ శిఖరానికి పళ్లచక్రాల రైలుంది. మేం ఎక్కలేదు. టికెట్ ఖరీదెక్కువ, పైన మబ్బు కమ్మితే ఏమీ కనపడదు. పైగా దానికీ పలకరాయికీ సంబంధం లేదు.

ఇక బస. లాన్‌బెరిస్ దగ్గర మొదటి రెండు రాత్రులు ఉన్న గెస్ట్‌హౌస్ మాకు బాధ మిగిల్చింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తున్నారని ముందే రాశాను, కింది గది ఇస్తామన్నారు. తీరా వెళ్తే రెండు మలుపుల ఇరుకు మెట్లెక్కి అటకగదికి వెళ్లాలన్నారు. అమ్మ ఒక్కో మెట్టూ కూర్చుని దిగింది. తప్పయిందన్నారు గానీ గది మార్చలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఫోన్ చేసి మెట్లెన్నో అడగండి, మెసేజీల్లో చెప్పిన మాట నమ్మకండి. తర్వాతి రెండు రాత్రులు పోర్త్‌మాడోగ్ అనే రేవు ఊరి దగ్గర వంటిల్లున్న చిన్న కాటేజీ తీసుకున్నాం. అద్దె ఇంచుమించు అంతే. అమ్మ రైస్ కుక్కర్ పెట్టేసింది, వానలో తడిసొచ్చి వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాం. శాకాహారులకి ఆ ఊళ్లలో చిప్స్, జాకెట్ పొటాటో, చీజ్ శాండ్‌విచ్ తప్ప పెద్దగా దొరకవు. నాలుగు రోజులకైతే వంటిల్లున్న బసే మేలు.

మూడోరోజు బ్లైనై ఫెస్టినియోగ్. ఊరి చుట్టూ స్నోడోనియా నేషనల్ పార్కే, ఊరు మాత్రం అందులో లేదు. 1951లో పార్కు గీత గీసినప్పుడు ఈ రాతిచెత్త గుట్టల్ని చూసి, మధ్యలో రంధ్రం చేసినట్టు ఊరిని బయటపెట్టేశారు. ఒక టన్ను పెంకు కోసం తొమ్మిది, పది టన్నుల రాయి పారబోయాలి మరి, ఆ గుట్టలు ఇళ్ల వెనక్కే వచ్చి ఆగాయి. 2021లో యునెస్కో ఈ పలకరాయి ప్రాంతాలన్నింటినీ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, బ్లైనై కూడా అందులో ఉంది. ఊరికి దక్కాల్సిన గౌరవం ఆలస్యంగానైనా దక్కిందని నాకు నిజంగా సంతోషమేసింది.

ఇక్కడ లెఖ్‌వెద్ గనిలోకి దిగొచ్చు. డినోర్విక్‌లో కొండని బయటినుంచి కోస్తే, ఇక్కడ భూమి లోపల గదులు గదులుగా తవ్వారు. నిటారుగా దిగే కేబుల్ బండిలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్తారు. హెల్మెట్ వాళ్లే ఇస్తారు, స్వెట్టర్ మనం తెచ్చుకోవాలి, ఆగస్టులో కూడా లోపల చలే. ఒక పెద్ద గదిలో గైడ్ దీపాలు ఆర్పేసి, ఒక్క కొవ్వొత్తి వెలుగుతో నిలబెట్టింది. కార్మికులు తొడకి గొలుసు చుట్టుకుని, రాతిగోడకి వేలాడుతూ అంత వెలుగులోనే పనిచేశారు, ఆ కొవ్వొత్తులు కూడా వాళ్ల డబ్బుతోనే కొనుక్కునేవారు. మా బాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. అమ్మ పైనే కాఫీ తాగుతూ కూర్చుంది, అదే మంచిదైంది. టికెట్ చవక కాదు గానీ డబ్బులు వృథా అనిపించలేదు. మధ్యాహ్నం దాటితే జనం ఎక్కువ, పొద్దున మొదటి బ్యాచ్‌కే బుక్ చేసుకోండి.

నాలుగోరోజు నాన్న రోజు. పోర్త్‌మాడోగ్ నుంచి బ్లైనైకి పదమూడున్నర మైళ్ల ఫెస్టినియోగ్ రైల్వే, పట్టాల మధ్య దూరం రెండడుగుల కంటే అర అంగుళం తక్కువ. 1836లో మొదలైనప్పుడు ఇంజనే లేదు. గని నుంచి రేవు దాకా దారంతా పల్లమే ఉండేలా వేశారు కాబట్టి, రాయి నింపిన బండ్లు తమ బరువుకే కిందికి దొర్లిపోయేవి, మనుషులు బ్రేకులు పట్టేవాళ్లు. ఖాళీ బండ్లని పైకి లాగే గుర్రాలు కూడా కిందికి వచ్చేటప్పుడు చివరి బండిలో నిలబడి, మేత తింటూ ప్రయాణం చేసేవి. ఈ మాట చెప్పగానే బాబు ఆ గుర్రం గురించి పది ప్రశ్నలు వేశాడు. ఆవిరి ఇంజన్లు 1863లో వచ్చాయి.

మా బండికి కట్టిన ఇంజన్ మెర్డిన్ ఎమ్రిస్, 1879లో ఈ రైల్వే సొంత వర్క్‌షాపులోనే తయారైంది. రెండు ఇంజన్లని వీపూ వీపూ కలిపి అతికించినట్టుంటుంది. అటూ ఇటూ రెండు పొగగొట్టాలు, నడుమ నిప్పుగూడు, దానికి ఒక పక్క డ్రైవరు, మరో పక్క బొగ్గు వేసేవాడు. కిందున్న రెండు చక్రాల చట్రాలూ మలుపుకి తగ్గట్టు విడివిడిగా తిరుగుతాయి. ఇరుకు పట్టాల మీద ఎక్కువ బరువు లాగడానికి కనిపెట్టిన ఉపాయం ఇది. దీని ముందుతరం ఇంజన్‌ని పరీక్షిస్తుంటే చూడడానికి 1870లో రష్యా నుంచి కూడా ఇంజనీర్లు వచ్చారు. నాన్న స్టేషన్‌లో బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, నూనె వాసన పీల్చి, "మన నౌపడా వాసనే" అన్నారు.

దారిలో దుఆల్ట్ దగ్గర పట్టా తన మీదుగా తానే చుట్టు తిరిగి పైకెక్కుతుంది. పాత దారిని కరెంటు ప్రాజెక్టు జలాశయం ముంచేస్తే, ఎక్కువగా వలంటీర్లే కొత్త దారి తవ్వి, 1982లో బండిని మళ్లీ బ్లైనై చేర్చారు. టికెట్లు చూసినవాళ్లు, టీ తెచ్చినవాళ్లు చాలామంది వలంటీర్లే. అమ్మకి ఎక్కడానికి మెట్టు ఎత్తైతే, అడక్కుండానే ఒకాయన చిన్న పీట తెచ్చి వేశాడు. సీట్లు ముందే బుక్ చేసుకోవాలి. పైన బండి ఆగే సమయం లెఖ్‌వెద్ చూసి రావడానికి సరిపోదు, రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. పైకెళ్లేటప్పుడు లోయ కుడివైపు ఎక్కువ కనిపించింది.

అదే స్టేషన్ నుంచి కార్నార్వన్‌కి ఇరవై ఐదు మైళ్ల వెల్ష్ హైలాండ్ రైల్వే కూడా ఉంది, దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన పెద్ద ఇంజన్లతో నడుస్తుంది. కొండలు ఇంకా బాగుంటాయంటారు గానీ దానికి రోజంతా పోతుంది. ఒక్క రైలే ఎక్కే వీలుంటే నా ఓటు ఫెస్టినియోగ్‌కే. అది కూడా గని చూసిన తర్వాతే. ముందు రైలెక్కినవాళ్లకి అది పచ్చని లోయలో విహారంలా ఉంటుంది. మేం రాయి చీల్చడం చూశాం, కొవ్వొత్తి వెలుగులో నిలబడ్డాం. అందుకే పోర్త్‌మాడోగ్ రేవు దగ్గర బండి దిగినప్పుడు, ఆ ఖాళీ రేవులో ఓడలు కనపడ్డట్టే అనిపించింది.

టవిన్ ఊరి నుంచి నడిచే టాలిలిన్ అనే చిన్న రైలు మాత్రం చూడకుండా మిగిలిపోయింది. మూతపడబోతున్న రైలుని 1951లో వలంటీర్లే చేతికి తీసుకుని నడిపించింది ప్రపంచంలో మొదట అక్కడే. నాన్న మ్యూజియం దుకాణంలో కొన్న చిన్న పలకముక్కని విమానంలో చేతిసంచిలోనే పెట్టుకెళ్లారు. మళ్లీ వస్తే ముందు టవిన్‌కే అని మాట తీసుకుని మరీ వెళ్లారు.