70 రూపాయల రైలు, 2,400 రూపాయల లాడ్జి

చెన్నై నుంచి సూళ్లూరుపేట వైపు పక్షులు చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. లోకల్ రైల్లో వెళ్లండి, అదే రోజు వెనక్కి వచ్చేయండి. రాత్రి అక్కడ ఉండే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మరీ ముఖ్యంగా జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లోనూ, పక్కనే ఉన్న శ్రీహరికోట షార్‌లో రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడూ వద్దే వద్దు. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మావారు మొదట కారు మాట్లాడదామన్నారు. రానూపోనూ 4,500 అడిగాడు, టోల్ వేరే. అత్తయ్య ఒప్పుకోలేదు. "పుట్టింటికి ఎన్నడూ రైల్లో తప్ప పోయినదాన్ని కాదు, ఇప్పుడీ కార్లెందుకు" అంది. మావారికి అది నచ్చలేదు. సెంట్రల్ చేరేదాకా మాట్లాడలేదు.

సెంట్రల్ పాత ఎర్ర భవనం పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ఉంటుంది. పాత మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది, ఆ స్థలంలో కట్టింది ఇది. మనం ఎక్కాల్సింది ఇక్కడే. బోర్డు మీద గుమ్మిడిపూండి అని చూసి ఎక్కేయకండి, చాలా బళ్లు అక్కడితో ఆగిపోతాయి. సూళ్లూరుపేట అని ఉన్నదే ఎక్కాలి, అవి రోజుకు కొన్నే ఉంటాయి. పెద్దవాళ్లకు 20, మా అబ్బాయికి అర టికెట్ 10. నలుగురికీ కలిపి 70 రూపాయలు. 83 కిలోమీటర్లు, అదీ రాష్ట్రం దాటి! చెన్నైలో ఓ మాదిరి హోటల్లో ఒక్కరికి కాఫీ కూడా రాదు ఆ 20 రూపాయలకి.

రెండుంబావు గంటలు పడుతుంది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే మన బండిని పక్క లైన్లో నిలబెడతారు, కాబట్టి ఇంకో పావుగంట వేసుకోండి. లోకల్ పెట్టెల్లో బాత్రూములు ఉండవన్నది పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అత్తయ్యకు షుగర్. స్టేషన్లోనే అన్నీ చూసుకుని ఎక్కాం, నీళ్లు కూడా కొంచెం కొంచెమే తాగనిచ్చాను.

కొరుక్కుపేట, తండయార్‌పేట దాటేదాకా కాలు పెట్టే సందు లేదు. ఎన్నూరు దాటాక థర్మల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. మీంజూరు తర్వాత పచ్చదనం మొదలవుతుంది, పొన్నేరి దగ్గర వరిమళ్లు. కవరైపేటలో కాలేజీ పిల్లలు గుంపుగా దిగిపోయారు. 2024 అక్టోబర్ 11 రాత్రి మెయిన్ లైన్లో పోవాల్సిన బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి మళ్లి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది ఇక్కడే. బండి స్టేషన్ దాటేదాకా అత్తయ్య చేతులు జోడించుకునే ఉంది.

పొన్నేరిలో ఎక్కినావిడ మా ఎదురుగా కూర్చుని, ఒళ్లో అరిటాకు పొట్లం విప్పి కనకాంబరాలు కట్టడం మొదలుపెట్టింది. దారం ఎడమచేతి వేళ్లకు తగిలించి, అటు రెండు పూలు ఇటు రెండు పూలు పెట్టి ఓ ముడి, మళ్లీ అటు రెండు ఇటు రెండు. బండి ఎంత కుదిపినా ఒక్క పువ్వు జారలేదు. మాతో తెలుగు, సుండల్ అమ్మే అబ్బాయితో తమిళం. ఆరంబాక్కం వచ్చేసరికి మూడు మూరలయ్యాయి. మూర 30 చొప్పున రెండు మూరలు అత్తయ్య అక్కడికక్కడే కొనేసింది. ఒకటి తను పెట్టుకుని, ఒకటి నాకు పెట్టింది.

ఆరంబాక్కం తర్వాత తడ, ఆంధ్రలో మొదటి స్టేషన్. బోర్డు మీద తెలుగు కనిపించగానే మావాడు గట్టిగా చదివాడు. స్కూల్లో తమిళం చదివే పిల్లాడు, ఆ అక్షరాలు నేను ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినవి. పెట్టెలో నలుగురూ తిరిగి చూసి నవ్వారు. మావారి అలక కూడా అక్కడితో తీరింది. తడలో శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలు మెళ్లో ఐడీ కార్డులతో దిగారు. ఇక అక్కంపేట, సూళ్లూరుపేట.

ఇప్పుడు లాడ్జి సంగతి. తెల్లారేసరికి పులికాట్ సరస్సు దగ్గర ఉంటే ఫ్లెమింగోలు బాగా కనిపిస్తాయని మావారు ఓ లాడ్జికి ఫోన్ చేసి ఏసీ గది మాట్లాడారు. 1,300 అన్నారు. 500 అడ్వాన్సు ఫోన్‌పే చేశాం. తీరా వెళ్తే కౌంటర్లో అతను రిజిస్టర్లోంచి తల కూడా ఎత్తకుండా "2,800 సార్, ఫెస్టివల్ రేటు" అన్నాడు. ఫోన్లో చెప్పిన రేటు సంగతేంటంటే, చెప్పినవాడు డ్యూటీలో లేడట. పోనీ అడ్వాన్సు వెనక్కిమ్మంటే, అది ఓనరు ఖాతాలో పడిందట, ఓనరు నెల్లూరులో ఉన్నాడట. ఇవతల అత్తయ్య బ్యాగు ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఇంకో రెండు చోట్ల అడిగి వచ్చాం, గదుల్లేవు. వేరే దారి లేదని వాళ్లకూ తెలుసు. చివరికి అడ్వాన్సు పోను 1,900, మొత్తం 2,400 దగ్గర తెగింది.

గది చూస్తే ఇంకా కోపం వచ్చింది. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు. మార్చమంటే అదే దుప్పటి తిరగేసి పరిచాడు, నా కళ్ల ముందే. ఏసీ రిమోట్ కౌంటర్లో ఉంటుంది, కావాలంటే 300 అట. ఏసీ గదని చెప్పి డబ్బు తీసుకున్నాక మళ్లీ రిమోట్‌కి డబ్బేంటని మావారు అరిస్తే ఇచ్చాడు. వేడినీళ్లు పొద్దున ఆరు తర్వాతేనట. మేం ఐదున్నరకే బయల్దేరాలి. చలికాలంలో అత్తయ్య చన్నీళ్లతో మొహం కడుక్కుని బయటికొచ్చింది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద 1,300 అని రాసిచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషిని పక్కన పెట్టుకుని, చీకటి పడ్డాక ఇంకెక్కడికీ పోలేరని తెలిసి చేసిన మోసం ఇది. నేను మర్చిపోను.

ఆ రాత్రిని నిలబెట్టింది మాత్రం ఓ చిన్న మెస్సు. నాలుగు బల్లలు, వంట చేసేదీ వడ్డించేదీ మొగుడూ పెళ్లాలే. భోజనం 110, చేపల పులుసు 120. పులుసులో మామిడికాయ ముక్కలు వేసి, నూనె పైకి తేలేదాకా మరిగించారు. రొయ్యల వేపుడు 150. లాడ్జిలో నోరు విప్పని అత్తయ్య రెండోసారి అన్నం పెట్టించుకుని, పులుసు ఎలా చేశావమ్మా అని ఆవిణ్ని అడిగి తెలుసుకుంది. పిల్లాడికి వేసిన పెరుగన్నానికి డబ్బులు తీసుకోలేదు.

పొద్దున ఆటో మాట్లాడుకున్నాం. సరస్సు దగ్గరి అటకానితిప్ప, నేలపట్టు పక్షుల కేంద్రం రెండూ తిప్పి స్టేషన్లో దింపడానికి 1,300. న్యాయమైన రేటే, మనిషి కూడా తొందరపెట్టలేదు. అటకానితిప్ప దగ్గర శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా లోతులేని నీళ్లు, అందులో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. ఓ గుంపు లేచినప్పుడు రెక్కల కింది ఎరుపు ఒక్కసారిగా బయటపడింది. మావారు ఫోన్ తీసేలోపే వెళ్లిపోయాయి.

నాకు నేలపట్టు ఇంకా నచ్చింది. సూళ్లూరుపేటకు 20 కిలోమీటర్లు. గూడబాతుల (పెలికన్ల) మేత పులికాట్‌లో, కాపురం ఇక్కడి చెరువులో నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద. పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంటే మావాడు బైనాక్యులర్ వదల్లేదు. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువు, అందుకే ఊళ్లోవాళ్లు ఈ పక్షుల జోలికి పోరు. తిరిగొస్తూ కాళంగి నది ఒడ్డున చెంగాలమ్మ గుడికి వెళ్లాం. ప్రయోగాల ముందు ఇస్రో పెద్దలు వచ్చి దణ్ణం పెట్టుకునేది ఈ అమ్మవారికే. దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది.

వీటన్నిటికీ ఒక్క పగలు చాలు. తెల్లవారుజాము లోకల్ ఎక్కితే ఎండ ముదరకముందే నేలపట్టులో ఉంటారు. సరస్సు మధ్యాహ్నం తర్వాత చూసుకుని సాయంత్రం బండికి వచ్చేయొచ్చు. టైములు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. వెనక్కి వచ్చే బండి తప్పిపోతే లాడ్జి వెతక్కండి, నేషనల్ హైవే మీదికెళ్లి చెన్నై మాధవరం బస్సెక్కండి. రైల్లో మాత్రం పోయేటప్పుడు పొద్దునా, వచ్చేటప్పుడు సాయంత్రమూ బండి నడిచే దిక్కుకు ఎడమ పక్క కిటికీ పట్టుకోండి. రెండుసార్లూ ఎండ పడదు.